పేరుకు వజ్రమే, సుత్తి దెబ్బకు పిండి

తొలకరి చినుకు పడిందంటే కర్నూలు, అనంతపురం జిల్లాల్లోని కొన్ని చేలల్లో విత్తనం కంటే ముందు మనుషులు దిగుతారు. జొన్నగిరి, తుగ్గలి, పెరవలి, ఇటు వజ్రకరూరు. సద్దిమూటలు కట్టుకుని, పిల్లా జెల్లాతో వచ్చి, వంచిన నడుము ఎత్తకుండా మట్టిలో తళుకు కోసం వెతుకుతారు. దొరికేది ఏ కొద్దిమందికో. ఆ కొద్దిమందినీ నష్టపరచగల నమ్మకం ఒకటి పల్లెల్లో ఇంకా పోలేదు. నిజమైన వజ్రమైతే సుత్తితో కొట్టినా పగలదట! పగిలితే అది ఉత్త గాజురాయేనట!

ఈ నమ్మకం పుట్టింది రాతిలో నుంచి కాదు, పేరులో నుంచి. రుగ్వేదంలో వజ్రమంటే రాయి కాదు, ఇంద్రుని ఆయుధం. వృత్రాసురుణ్ణి కూల్చిన పిడుగు. దధీచి మహర్షి ఎముకతో దాన్ని చేశారని పురాణం చెబుతుంది. దేనికీ లొంగని ఆ ఆయుధం పేరే తర్వాత కాలంలో రాయికి వచ్చింది. కౌటిల్యుని అర్థశాస్త్రం నాటికే అది ఖజానా లెక్కల్లోని రత్నం. గ్రీకులు కూడా ఇదే దారి పట్టారు. వారి ‘అడమాస్’ అనే మాటకు అర్థం ‘లొంగనిది’. అరబ్బుల అల్మాస్, ఇంగ్లీషువారి డైమండ్ దాని పిల్లలే. రోము పండితుడు ప్లినీ 1వ శతాబ్దిలో మరో అడుగు ముందుకు వేసి, ఈ రాయిని కొడితే సుత్తీ దాగలీ పగులుతాయే గాని రాయి పగలదనీ, వేడి మేకరక్తంలో నానబెడితేనే మెత్తబడుతుందనీ రాశాడు. ఎన్ని మేకలు బలయ్యాయో గాని, ఆ మాటను జనం వందల ఏళ్ళు నమ్మారు.

అసలు సంగతి వేరు. వజ్రానికి ఉన్నది గీతకు లొంగని గట్టిదనం. దాన్ని గీయాలంటే మరో వజ్రమే కావాలి. దెబ్బకు ఓర్చుకోవడం వేరే గుణం. వజ్రంలో నాలుగు దిక్కులకు చీలిక పొరలు ఉంటాయి. ఆ వాలున దెబ్బ పడితే చక్కగా రెండు ముక్కలవుతుంది. రత్నాలు కోసే పనివారు పెద్ద రాళ్ళను చీల్చింది ఈ కిటుకుతోనే. పల్లెలో బండ మీద పెట్టి మోదితే మాత్రం మిగిలేది పిండి. గాజును గీసి చూడడం కూడా చాలదు. చేలల్లో బోలెడు దొరికే పలుగురాయి కూడా గాజును గీస్తుంది.

తెలుగువారు పెట్టుకున్న పేర్లలో ఒకటి మగరాయి. అదీ పౌరుషం పేరే. రెండోది రవ్వ. నిప్పురవ్వ, గోధుమరవ్వ, ముక్కుపుడకలో రవ్వ. చిన్నదీ, మెరిసేదీ అని చెప్పి ఊరుకుంది ఆ మాట. గొప్పలకు పోని ఆ పేరే అన్నిటిలో నిజానికి దగ్గర.

పేర్ల మాయ అంతటితో పోలేదు. గోల్కొండ వజ్రమని లోకమంతా అంటుంది. గోల్కొండ కోటలో గని లేదు, అక్కడ ఉన్నది రాజ్యం, బజారు. గనులు కృష్ణా తీరాన కొల్లూరు, పరిటాల, కర్నూలు వైపు రామళ్ళకోట వంటి ఊళ్ళలో ఉండేవి. కోహినూరు పుట్టిల్లని చెప్పుకునే కొల్లూరు గని పులిచింతల జలాశయం నీటి కింద ఉంది. వజ్రకరూరుది ఇంకో విడ్డూరం. ఊరి పేరులోనే వజ్రం ఉంది. కాని ఆ ఊరి నేలలో వజ్రాలను పైకి మోసుకొచ్చిన రాతిని శాస్త్రవేత్తలు కింబర్లైటు అంటారు. అది దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్నం పేరు. ఆ పట్నానికి 1873లో ఆ పేరు వచ్చింది లండన్‌లో కూర్చున్న ఒక మంత్రి వల్ల!

బజారులో అమెరికన్ డైమండ్ అమ్ముతారు. అది అమెరికాదీ కాదు, వజ్రమూ కాదు, జిర్కోనియాతో చేసిన రాయి. క్యారెట్ అనే మాట బంగారానికి మేలిమి కొలత, వజ్రానికి తూకం. 5 క్యారెట్లంటే 1 గ్రాము. ఈ తేడా తెలియని కూలీ ముందు వ్యాపారి ఏ లెక్క చెబితే అదే లెక్క. రాయి ఎంత తూగిందో, ఎంతకు పోయిందో కాగితం ముక్క కూడా చేతికి రాకపోతే, తర్వాత అడగడానికి ఆధారమేది?

తొలకరి నెలల్లోనైనా ఈ మండలాల్లో ప్రభుత్వం ఒక పరీక్షా కేంద్రం తెరవాలి. రాయిని ఉచితంగా పరీక్షించి, తూచి, దొరికిన ఊరి పేరుతో సహా రసీదు ఇవ్వాలి. దొరికిన రాయి మీద ఎవరికి ఏ హక్కు ఉందో, చట్టం ఏమంటుందో తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించాలి. విత్తనం వేసిన చేను తొక్కిపోతే రైతుకు దిక్కెవరో కూడా అందులోనే తేల్చాలి. అంతవరకు దొరికిన రాయిని గుడ్డలో చుట్టి దాచుకోవడం మంచిది. సుత్తిని ఇంట్లోనే వదిలి రావడం ఇంకా మంచిది.