అమెరికా వెళ్లే పెద్దలు ఏ నగరాలు చూడాలి?

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు పట్టణాల పాఠకులు ఈ మధ్య మమ్మల్ని తరచు ఒక ప్రశ్న అడుగుతున్నారు. కుమారుడో కుమార్తెయో అమెరికాలో స్థిరపడ్డారు. తల్లిదండ్రులకు సందర్శక వీసా లభించింది. ఆరు మాసాలు అక్కడ ఉండవచ్చు. ఏయే నగరాలు చూడదగినవి? సింగరేణి గనిలోనో ప్రభుత్వ పాఠశాలలోనో ముప్పై యేండ్లు పనిచేసి విరమించిన దంపతులకు ఇది బహుశా జీవితంలో ఒకే ఒక దూరప్రయాణం. అందుచేత ప్రశ్నను తేలికగా తీసుకోలేము.

ఆ ఆరు మాసాలలో మన పెద్దలు ఎక్కువగా చూసేది డాలస్ శివారులోనో న్యూజెర్సీలోనో ఒక ఇంటి నాలుగు గోడలనే. కొడుకు, కోడలు ఉదయమే పనికి కూర్చుంటారు. పిల్లలు బడికి వెళతారు. చాలా శివారుల్లో వీధి చివర బస్సు ఉండదు, నడిచి వెళ్లదగిన దుకాణం ఉండదు. ఆదివారం సరుకుల కొనుగోలు, శుక్రవారం కుదిరితే జుమా, నాలుగు రోజుల సెలవు దొరికితే నయాగరా. తిరిగి వచ్చాక బంధువులకు చూపడానికి ఫోనులో ఒక జలపాతం మిగులుతుంది.

నయాగరాను మేము తక్కువ చేయడం లేదు. అది అల్లాహ్ సృష్టి వైభవమే, చూడవలసినదే. అయితే వాజేడు దగ్గరి బొగత జలపాతాన్ని తెలంగాణ నయాగరా అని పిలుచుకునేవాళ్లం మనం. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరడాన్ని కళ్లారా చూసినవాళ్లం. నీటి బలం మనకు కొత్త కాదు. మన ప్రాంతానికి వచ్చే యాత్రికులను కూడా గమనించండి. బొగత చూసి, పాపికొండల పడవ ఎక్కి, సాయంత్రానికి వెళ్లిపోతారు. అడవి అంచున కోయగూడెం గాని, ఇల్లందు బొగ్గుబావుల చరిత్ర గాని, పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఈ పట్టణాలను నిలబెట్టిన కార్మికుల వాడలు గాని వారి కంట పడవు. వారు మన ఊరు చూశారని మనం ఒప్పుకుంటామా?

అమెరికా నగరాలను ఎంచేటప్పుడు మేము ఇదే ప్రమాణం పెట్టుకున్నాము. అక్కడికి ఎవరు వచ్చారు, ఎవరు బలవంతంగా తేబడ్డారు, ఎవరి శ్రమ అక్కడ నిలిచి ఉన్నది అన్నది చూశాము. దీనికి మరొక కారణం కూడా ఉన్నది. అక్కడే పుట్టిన మీ మనవడిని, మనవరాలిని బడిలో తోటిపిల్లలు "నువ్వు ఎక్కడి నుంచి వచ్చావు?" అని అడుగుతారు. ముస్లింలు ఆ దేశానికి నిన్నమొన్న వచ్చిన అతిథులని ఆ పిల్లలు తామే నమ్మడం మొదలుపెడతారు. నానమ్మ, తాతయ్య పక్కన నడుస్తుండగా ఆ నమ్మకం తొలగితే ప్రయాణఖర్చు వృథా కాదు.

మా జాబితాలో మొదటి నగరం చార్లెస్టన్. దక్షిణ కరొలైనాలోని ఈ రేవుపట్టణాన్ని మనవారిలో చాలా తక్కువమంది చూస్తారు. నేటి సెనెగల్ ప్రాంతంలోని ఫూతా తోరోలో దాదాపు పాతికేండ్లు విద్యాభ్యాసం చేసిన ఉమర్ బిన్ సయీద్ అనే పండితుణ్ణి బంధించి, 1807లో ఓడలో తెచ్చి ఇక్కడ బానిసగా అమ్మారు. విదేశాల నుంచి బానిసలను తేవడాన్ని నిషేధించిన అమెరికా చట్టం 1808 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఆ కొద్దికాలపు తేడా ఒక మనిషి జీవితాన్నంతా మింగివేసింది. ఆయన క్రూరుడైన యజమాని నుంచి పారిపోయి, ఉత్తర కరొలైనాలోని ఫయట్‌విల్‌లో పట్టుబడి, చెరసాల గోడలపై అరబీలో వ్రాశాడు. 1831లో తన ఆత్మకథను అరబీలోనే వ్రాశాడు. తరువాతి యజమానుల వద్ద ఆయన క్రైస్తవం స్వీకరించినట్లు రికార్డులు చెబుతాయి. అయితే ఆ ఆత్మకథ సూరా ముల్క్‌తో మొదలవుతుంది. ఆయన హృదయంలో ఏమున్నదో అల్లాహ్‌కే ఎరుక. స్వేచ్ఛ ఆయనకు ఎన్నడూ లభించలేదు. నేడు ఆ వ్రాతప్రతి వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్నది. ఫయట్‌విల్‌లో ఒక మసీదు ఆయన పేరు పెట్టుకున్నది. చార్లెస్టన్‌లో బానిసల ఓడలు ఆగిన గాడ్స్‌డెన్ రేవు స్థలంలోనే 2023లో అంతర్జాతీయ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు. అక్కడ తొందరపడకండి, ఒక పూట కేటాయించండి. భోజనానికి హలాల్ మాంసం వెదకడం కంటే చేపలతో సరిపెట్టుకోవడం సులువు. ఆ ఊరు రొయ్యలకు ప్రసిద్ధి. రొయ్యల విషయంలో హనఫీ పండితుల భిన్నాభిప్రాయం మన పాఠకులకు తెలిసినదే.

రెండవది చికాగో. హజ్‌కు వెళ్లి జిద్దాలో దిగినవారు అక్కడి హజ్ టెర్మినల్‌పై వరుసగా నిలిచిన తెల్లని గుడారాల కప్పును మరచిపోరు. దాని నిర్మాణ రూపకల్పనలో ప్రధానపాత్ర వహించిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. 1929లో ఢాకాలో జన్మించి, 1952లో ఫుల్‌బ్రైట్ విద్యార్థిగా అమెరికా చేరిన ఆయనే చికాగోలో హాన్‌కాక్ భవనాన్ని, సియర్స్ టవర్‌ను నిలబెట్టిన ఇంజనీరు. 1,450 అడుగుల సియర్స్ టవర్ ఎన్నో యేండ్లు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనంగా నిలిచింది. ఇప్పుడు దానిని విల్లిస్ టవర్ అంటున్నారు. గాలి ఒత్తిడిని భవనం లోపలి స్తంభాలు మాత్రమే భరించే పద్ధతిని మార్చి, వెలుపలి చట్రమంతా ఒక గొట్టంలా కలిసి భరించేటట్లు చేయడం ఆయన గొప్పదనం. నేటి ఆకాశహర్మ్యాలు చాలా వరకు ఆ ఆలోచనకు రుణపడి ఉన్నాయి. ఆయన 1982లో జిద్దాలోనే మరణించారు. ఖననం చికాగోలో జరిగింది. డాలస్ నుంచి చికాగో ఇంచుమించు ఖమ్మం నుంచి ఢిల్లీ అంత దూరం. అయినా వెళ్లండి. పైకెక్కడానికి టికెట్టు ఖరీదు అనిపిస్తే కింద నిలబడి తల ఎత్తి చూసినా చాలు. సాయంత్రం డెవాన్ అవెన్యూలో హైదరాబాదీ బిర్యానీ, చుట్టూ ఉర్దూ మాటలు దొరుకుతాయి.

డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న డియర్‌బార్న్ మన కొత్తగూడెం వారికి వెంటనే అర్థమయ్యే ఊరు. ఇక్కడ బొగ్గు జనాన్ని పిలిచింది, అక్కడ కార్ల కర్మాగారం పిలిచింది. 1914లో ఫోర్డ్ కంపెనీ రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించిన తరువాత పనికోసం వచ్చినవారిలో లెబనాన్, సిరియా, యెమెన్ వారెందరో ఉన్నారు. నేడు ఆ వీధులలో రొట్టెల దుకాణాలకు అరబీ బోర్డులు, పెద్ద మసీదులు, 2005లో తెరచిన అరబ్ అమెరికన్ జాతీయ మ్యూజియం కనిపిస్తాయి. అక్కడి హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో, 1955లో రోజా పార్క్స్ తన సీటు వదలడానికి నిరాకరించిన అసలు బస్సే ఉన్నది. పిల్లలను ఆ బస్సు ఎక్కించండి.

వాషింగ్టన్‌ను ఎలాగూ చూపిస్తారు. శ్వేతసౌధం కంచె ముందు ఫోటోతో ముగించవద్దు. థామస్ జెఫర్సన్ న్యాయవిద్యార్థిగా ఉన్నప్పుడు, 1765లో, కొనుక్కున్న ఖుర్ఆన్ ఆంగ్లానువాదం కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్నది. కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ముస్లిం కీత్ ఎల్లిసన్ 2007లో దానిపై చేయి ఉంచి ప్రమాణం చేశారు. అది ప్రదర్శనలో ఉన్నదో లేదో ముందే కనుక్కోవాలి. గ్రంథాలయానికి, స్మిత్‌సోనియన్ మ్యూజియంలకు ప్రవేశ రుసుము లేదు. జుమాను మసాచుసెట్స్ అవెన్యూలోని ఇస్లామిక్ సెంటర్‌లో చదవవచ్చు. 1957 జూన్ 28న దాని ప్రారంభోత్సవంలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రసంగించారు.

దారి కలిస్తే లూయీవిల్‌లో ముహమ్మద్ అలీ సెంటర్ కూడా చూడండి. లాస్ వేగాస్ విషయం మమ్మల్ని అడగవద్దు.

ఇక నమాజు సంగతి. మనకు ఖిబ్లా పడమర. అమెరికాలో ఆగ్నేయమని కొందరు పెద్దలు పటం పరచి పట్టుబడుతుంటారు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల మక్కాకు అతిదగ్గరి మార్గం అక్కడి నుంచి ఈశాన్యంగా సాగుతుంది. కొడుకు ఇంట ఆరు మాసాలు ఉంటారు గనుక అక్కడ పూర్తి నమాజే. అక్కడి నుంచి నాలుగు రోజులు చికాగో వంటి దూరనగరానికి వెళితే, హనఫీ ఫిఖహ్ ప్రకారం పదిహేను రోజులకు తక్కువ బస గనుక, జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులు. జూన్‌లో చికాగోలో ఇషా రాత్రి పది దాటాక గాని రాదు, ఫజ్ర్ నాలుగు గంటలలోపే మొదలవుతుంది. షుగర్, బీపీ మందులు వాడేవారు నిద్ర లెక్క చూసుకుని మధ్యాహ్నం కొంత విశ్రాంతి ఉండేటట్లు కార్యక్రమం వేయించుకోవాలి. సందర్శకుల ఆరోగ్య బీమాలు చాలావరకు పాత జబ్బులకు వర్తించవు. పాలసీలోని ఆ షరతును కొనకముందే కుమారునిచేత చదివించుకోండి. ఆరు మాసాలకు సరిపడా మందులను డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే ఉంచుకోండి.

చికాగో, డియర్‌బార్న్‌లకు మే నుంచి సెప్టెంబరు వరకు అనుకూలం. చార్లెస్టన్ వేసవి మన గోదావరి ఒడ్డు ఉక్కపోతకు తీసిపోదు, కాబట్టి అక్కడికి మార్చి, ఏప్రిల్ మాసాలలో వెళ్లడం మేలు.