చదువు పేరుతో చాకిరీ

డ్యూటీ దిగి తెల్లవారుజామున ఫిల్మ్‌నగర్‌లో నా అద్దె గదికి వెళ్తుంటే, కృష్ణానగర్‌లో షూటింగు బండి కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు కనిపిస్తారు. వాళ్ళకీ నాకూ అందరూ చెప్పే మాట ఒకటే: "నేర్చుకునే వయసు, ఓర్చుకోవాలి."

నేను సర్జరీ పీజీ రెండో ఏడాది. నిన్న ముప్ఫై గంటల్లో ఏం నేర్చుకున్నాను? రక్తాలు తీశాను, శాంపిళ్ళు ల్యాబుకి మోశాను, స్ట్రెచర్ తోశాను, ఆరోగ్యశ్రీ కాగితాలు నింపాను. థియేటర్‌లో ఉన్నది నలభై నిమిషాలు, అదీ రిట్రాక్టర్ పట్టుకుని. నాతో చేరిన అబ్బాయి హెర్నియా ఆపరేషన్ చేశాడు. "నీ చేతిరాత బాగుంటుందమ్మా, కాగితాలు నువ్వు చూడు" అన్నారు సార్. "నీ చేతి కూర బాగుంటుంది" అన్న పొగడ్తకీ దీనికీ తేడా ఏమిటి?

రోగికి చేసే సేవ నాకు చిన్నతనం కాదు. డ్రెస్సింగ్ మార్చడంలో, అర్ధరాత్రి జ్వరం చూసి లోపలి చీముని పసిగట్టడంలో బోలెడు చదువుంది. వందో శాంపిల్ మోయడంలో ఏముంది? అది ఆసుపత్రి నియమించని అటెండరు పని, గుమాస్తా పని. ఆ జీతాలు ఎవరికి మిగులుతున్నాయి?

ఈ రెసిడెన్సీ పద్ధతి 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ మొదలుపెట్టింది. ఆసుపత్రిలోనే కాపురముండే, పెళ్ళికాని మగవాడి కోసం చేసిన కొలత అది. 1992లోనే మన కేంద్ర ప్రభుత్వం రెసిడెంట్లకి వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించకూడదంది. ఎక్కడ అమలైంది? 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో సుదీర్ఘ డ్యూటీ మధ్య సెమినార్ గదిలో నడుం వాల్చిన ట్రైనీ డాక్టర్ మీద అత్యాచారం చేసి చంపేశారు. ఆమెకి తలుపు గడియ పెట్టుకునే గది కూడా లేదు.

మన సినిమాకి సర్జన్ అంటే 2017 నాటి 'అర్జున్ రెడ్డి'. తాగి ఆపరేషన్ చేసినా చెయ్యి వణకని మగవాడు! పక్కన మెడికో అమ్మాయి నోరు విప్పదు. నైపుణ్యం పుట్టుకతో రాదు. ఎన్నిసార్లు చేయనిచ్చారన్నదే లెక్క.

నా లాగ్‌బుక్‌లో చూసినవి, సాయం చేసినవి, స్వయంగా చేసినవి వేరువేరుగా రాస్తాను. ప్రతి విభాగం అమ్మాయిల లెక్క, అబ్బాయిల లెక్క పక్కపక్కన గోడకి అంటించాలి. చాకిరీ గంటలు కూడా రాయాలి. దీన్ని నా కోసమే అడగడం లేదు. రేపు ఏదో ఊళ్ళో, పేగు చిల్లుపడిన మనిషి ముందు నేనొక్కదాన్నే నిలబడాలి. అప్పుడు నా చేతిరాత ఆమెని బతికించదు.