పేరు చూడని బ్యాంకులు

ఓఎన్‌జీసీ ఈమెయిల్ చిరునామాలో రెండక్షరాలు అటూ ఇటూ అయ్యాయి. ‘ఎన్‌జీ’ ఉండాల్సిన చోట ‘జీఎన్’ పడింది. సౌదీ సంస్థ ఆరామ్‌కోకు అమ్మిన నాఫ్తా తాలూకు రూ.197 కోట్లు ఆ కాస్త తేడాతో దారితప్పి మోసగాళ్ల ఖాతాలోకి పోయాయని 2015లో ముంబయి పోలీసులకు ఫిర్యాదు అందింది. రెండు వైపులా ఆడిటర్లకు, ఐటీ సిబ్బందికి కొదవలేని సంస్థలే. వాళ్ల గతే అది అయితే, ఒకే ఒక్క అకౌంటెంటుతో నడిచే జీడిమెట్ల బల్క్ డ్రగ్ యూనిట్టో, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారో మోసపోయినప్పుడు ‘చూసుకోవద్దా’ అని కసరడం ఏం న్యాయం?

ఈ మోసగాడికి తొందర ఉండదు. కొనేవాడిదో అమ్మేవాడిదో ఒకరి మెయిల్ పాస్‌వర్డ్ ముందు చేజిక్కించుకుంటాడు. లోపలికెళ్లి దేన్నీ కదపడు. వచ్చిన ప్రతి మెయిలూ తనకో కాపీ చేరేలా ఫార్వర్డింగ్ రూల్ పెట్టుకుని వారాల తరబడి చదువుతూ కూర్చుంటాడు. చైనా సప్లయర్ ప్రొఫార్మా ఇన్వాయిస్ ఎప్పుడు పంపాడు, అడ్వాన్స్ ఎంత, కంటెయినర్ ఓడ ఎక్కేదెప్పుడు, ఇవతలి అకౌంటెంటును అవతలివాళ్లు ఏమని పలకరిస్తారు... అన్నీ వంటబట్టించుకుంటాడు. డబ్బు కట్టే గడువు దగ్గరపడగానే పాత ఉత్తరాల కిందే, అదే సంతకంతో, అదే ఇన్వాయిస్ నంబరుతో ఓ జవాబు దిగుతుంది: ‘మా ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈసారికి ఈ కొత్త ఖాతాకు పంపండి.’ సరుకు నిజం, మొత్తం నిజం, తేదీ నిజం. అబద్ధమల్లా ఖాతా నంబరొక్కటే. స్పెల్లింగ్ తప్పులు చూసి దొంగ మెయిల్‌ను కనిపెట్టమనే పాత సలహా ఇక్కడ ఎందుకూ కొరగాదు.

ఇందులో తలపండిన నేరగాళ్లూ ఉన్నారు. లిథువేనియాకు చెందిన ఎవాల్దాస్ రిమసౌస్కస్ తైవాన్ కంపెనీ క్వాంటా కంప్యూటర్ పేరుతో గూగుల్‌కు, ఫేస్‌బుక్‌కు దొంగ బిల్లులు పంపి, 2013-15 మధ్య 12 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019 డిసెంబరులో న్యూయార్క్‌ కోర్టు అయిదేళ్ల జైలుశిక్ష వేసింది. ఖాతాదారు పేరు సరిచూసినా అతగాడు దొరికేవాడు కాదేమో. లాత్వియాలో అదే పేరుతో ఏకంగా కంపెనీ రిజిస్టర్ చేయించాడు. కానీ మన దగ్గర దొంగలకు అంత శ్రమ కూడా అక్కర్లేకపోయింది. ఆ ఘనత బ్యాంకులది.

ఆర్టీజీఎస్ ఫారంలో లబ్ధిదారు పేరు రాయనిదే కౌంటరులో కాగితం కదలదు. ఆ పేరు మాత్రం ఎవరూ చూడరు. ఖాతా నంబరు ఒక్కటే చూసి జమ చేసేయొచ్చని 2010 అక్టోబరులోనే రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. చెక్కు మీద పేరు తేడా వస్తే వెనక్కి పంపే బ్యాంకే, అంతకు వందరెట్ల సొమ్మును ఆన్‌లైన్‌లో ఎవరి పేరుతోనూ నిమిత్తం లేకుండా జమ చేసింది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ పద్నాలుగేళ్లు పట్టింది. డబ్బు పంపేముందు అవతలి ఖాతాదారు పేరు కనిపించే ఏర్పాటు నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో చేయాలని 2024 డిసెంబరు 30న రిజర్వు బ్యాంకు ఆదేశించింది, 2025 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. మంచిదే. అయితే అది పేరు చూపిస్తుంది తప్ప తేడా ఉంటే ఆపదు. విదేశాలకు వెళ్లే సొమ్ముకు అదీ లేదు. ముడిసరుకును చైనా నుంచి తెప్పించుకునే హైదరాబాద్ ఫార్మాకు అసలు గండం అక్కడే.

ప్రభుత్వం సంగతీ చూద్దాం. ఏటా రూ.5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్ ఇచ్చి తీరాలి. దాని మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ఇద్దరి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, విలువ అన్నీ వస్తాయి. డబ్బు ఏ ఖాతాకు కట్టాలో మాత్రం రాదు. ఖజానాకు రావాల్సిన పన్నుకు పూచీ దొరికింది. వ్యాపారి సొమ్ముకు దొరకలేదు.

పోయాక బ్యాంకుకు వెళితే ఎదురయ్యే జవాబు మరీ విడ్డూరం. కస్టమర్‌కు తెలియకుండా, బయటివాళ్ల వల్ల ఖాతాలోంచి డబ్బు పోతే మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం ఉండకూడదని 2017 నాటి నిబంధన. ఇక్కడ ఓటీపీ కొట్టింది అకౌంటెంటే కాబట్టి ‘మీరే పంపారు కదా’ అంటారు. సరే. మరి ఆ సొమ్ము చేరిన ఖాతాను తెరిచిందెవరు? ఆధార్, పాన్, ఫొటో తీసుకుని కేవైసీ అయిందనిపించిందెవరు? నెలంతా వెయ్యి రూపాయలైనా లేని ఖాతాలో ఒక్కసారిగా లక్షలు పడి, గంటలో ఖాళీ అయితే అనుమానం రావాల్సింది ఎవరికి? కమీషన్‌కు అద్దెకిచ్చే ఇలాంటి మ్యూల్ ఖాతాలు లేకపోతే ఏ దొంగ మెయిలూ గిట్టుబాటు కాదు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి ఇలా దేశంలోపల మోసపోయిన వ్యక్తులకు, చిరు వ్యాపారులకు 85 వేల పౌండ్ల దాకా బ్యాంకులే తిరిగి చెల్లించాలి. పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం.

అలాగని మనం అమాయకులమేమీ కాదు. మాదాపూర్‌లో కాల్‌సెంటర్ పెట్టి, పేపాల్ పేరుతో అమెరికన్లను బురిడీ కొట్టిస్తున్న ముఠాను 2025 మార్చిలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పట్టుకుంది. 60 మందికి పైగా అరెస్టయ్యారు. అది ఇంకో రకం: కొనని వస్తువుకు బిల్లు వస్తుంది, ‘రద్దుకు ఫోన్ చేయండి’ అని నంబరు ఉంటుంది. ఆ నంబరే గాలం. ఫోన్ చేయకుండా అసలు యాప్ తెరిచి చూసుకుంటే తేలిపోతుంది.

ఖాతా మారిందన్న మెయిల్‌కు మందు కూడా ఫోనే, అయితే మెయిల్ కింద ఉన్న నంబరుకు కాదు, ఏడాది కిందట మాట్లాడిన పాత నంబరుకు. షాంఘై కంపెనీ ఖాతా ఉన్నట్టుండి పోర్చుగల్‌లో తేలితే అది చేయకుండా రూపాయి కదలకూడదు. డబ్బు వెళ్లిపోయిందా, క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి, సొమ్మును వెనక్కి రప్పించమని బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆ మెయిల్‌ను చెరపకూడదు. లోక్ అదాలత్‌ల ద్వారా తెలంగాణలో బాధితులకు తిరిగొస్తున్నదంతా ముందే స్తంభింపజేసిన సొమ్మే.

కానీ మన ఆఫీసుల్లో ఏం జరుగుతోంది? ‘సప్లయర్‌కు ఫోన్ చేసి అడగమంటారా’ అంటే ‘నీకు నమ్మకం లేదా, ముందు పంపు, సరుకు ఆగిపోతుంది’ అని యజమాని గద్దిస్తాడు. తీరా మోసమని తేలితే జీతంలో కోస్తానంటాడు. ఆ భయంతో గుమస్తా రెండురోజులు నోరు విప్పడు. సొమ్ము చేతులు మారేది సరిగ్గా ఆ రెండురోజుల్లోనే. పరువు పోతుందని కంపెనీ కూడా పోలీసుల దాకా వెళ్లదు.

రిజర్వు బ్యాంకు చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. పేరు సరిపోలకపోతే పెద్ద మొత్తాలను కొన్ని గంటలు నిలిపి ఉంచాలి. కొత్త విదేశీ ఖాతాకు మొదటి చెల్లింపు వెళ్లేముందు బ్యాంకే కస్టమర్‌ను విడిగా అడిగి రూఢి చేసుకోవాలి. మ్యూల్ ఖాతా తెరిచిన బ్యాంకు నష్టంలో సగం భరించాలి. ఇవాళ ఆ సగాన్ని కూడా పాతికవేల జీతగాడి నెత్తిన రుద్దుతున్నారు.