మంచు లెక్క ఎవరు చెప్పాలి?

అమెరికాలో స్కీయింగ్‌కు బయల్దేరేవారు ముందుగా చూసేది రాత్రి ఎన్ని అంగుళాల మంచు పడిందన్న లెక్క. ఆ లెక్క చెప్పేది టికెట్లు అమ్ముకునే రిసార్టే. డార్ట్‌మత్ కాలేజీ ఆర్థికవేత్తలు జోనథన్ జిన్మన్, ఎరిక్ జిట్జెవిట్జ్ ఈ నివేదికలను ప్రభుత్వ వాతావరణ లెక్కలతో పోల్చి 2009లో పరిశోధనా పత్రం వెలువరించారు. రిసార్టులు మిగతా రోజుల కంటే వారాంతాల్లో 23 శాతం ఎక్కువ కొత్త మంచు చూపించాయని అందులో తేలింది. ప్రభుత్వ లెక్కల్లో ఆ తేడా లేదు.

కొలవడంలో నిజమైన ఇబ్బందులూ ఉన్నాయి. శిఖరం మీద పడినంత మంచు కింద పడదు. గాలి ఒకచోటి మంచును ఊడ్చి మరోచోట పోస్తుంది. కానీ ఈ ఇబ్బందులు మంగళవారమూ ఉంటాయి, శనివారమూ ఉంటాయి. వారాంతపు పెంపునకు అవి సాకు కావు. సెలవు పెట్టి, పిల్లలను వెంటబెట్టుకుని గంటల తరబడి కారులో వచ్చిన కుటుంబానికి ఇది మోసమే.

స్కీయర్లు కొండ మీది నుంచే ఫోన్ యాప్‌లో మంచు పరిస్థితి తెలిపే వీలు వచ్చాక అతిశయోక్తులు బాగా తగ్గాయని అదే పరిశోధన చెప్పింది. కనుక రిసార్టు మాటతో పాటు ప్రభుత్వ వాతావరణ అంచనా, కొండ మీది కెమెరా దృశ్యాలు చూశాకే టికెట్ కొనండి. రిసార్టులు కూడా ఎక్కడ, ఏ ఎత్తున, ఎన్ని గంటలకు కొలిచారో ప్రతి నివేదికలో రాయాలి.