ఊదారంగు మూత గొట్టంలోని మందు గుండె పూడికలను కరిగిస్తుందా?

రక్తకణాల లెక్క కోసం నెత్తురు పట్టే ఊదారంగు మూత గొట్టాన్ని మీరు చూసే ఉంటారు. అందులో ముందుగానే ఉండే పదార్థం ఇ.డి.టి.ఎ. పీత డెక్కలతో ఎరను ఒడిసిపట్టినట్లు ఇది రక్తంలోని కాల్షియంను పట్టి బంధిస్తుంది. కాల్షియం లేనిదే నెత్తురు గడ్డకట్టదు గనుక కణాలు లెక్కకు చిక్కుతాయి. ఆ గొట్టంలోని నెత్తురు కాస్త వేరొక గొట్టంలో పడినా కాల్షియం లేనిపోని తక్కువ చూపుతుంది, పొటాషియం ఎక్కువ చూపుతుంది. అందుకే ప్రయోగశాలలో అంత జాగ్రత్త వహిస్తారు.

ఈ పదార్థాన్నే సెలైనులో కలిపి సిరలోనికి ఎక్కిస్తే గుండె ధమనులలోని పూడికలు కరిగిపోతాయని, శస్త్రచికిత్స అక్కరలేదని ప్రకటించుకొనేవారు ఉన్నారు. పూడికలో కాల్షియం ఉంది, మందు కాల్షియంను లాగుతుంది, కనుక పూడిక పోతుందట! వినుటకు సొంపుగానే ఉంది. కాని పూడికలో కొలెస్టరాల్, తాపకణాలు, పీచుకణజాలం కూడా ఉంటాయి. పైగా మందుకు ముందుగా చిక్కేది రక్తంలో కరిగి ఉన్న కాల్షియమే. గుండె కండరం ముడుచుకొనడానికి అదే ఆధారం. అది హఠాత్తుగా పడిపోతే గుండె ఆగిపోవచ్చు. అమెరికాలో 2003, 2005 సంవత్సరాల మధ్య ఈ విధంగా ముగ్గురు మరణించారు. వారిలో ఇద్దరు చిన్నపిల్లలు. ఒక బిడ్డకు సీసపు విషానికి ఇవ్వవలసిన కాల్షియంతో కూడిన ఇ.డి.టి.ఎ.కు బదులు సోడియం ఇ.డి.టి.ఎ. ఎక్కించారు. పేర్లలోని పోలిక ప్రాణం తీసింది.

ప్రచారకులు 2013లో వెలువడిన పరిశోధనను చూపుతారు. నిజమే, గుండెపోటు వచ్చిన 1708 మందిలో స్వల్ప ప్రయోజనం, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారిలో, కనిపించింది. అందువల్లనే మధుమేహులపై మరల పరీక్షించారు. 2024లో వెలువడిన ఆ ఫలితాలలో గుండెపోటు గాని, మరణాలు గాని తగ్గలేదు. ఈ రెండవ సంగతి వారి కరపత్రాలలో ఉండదు!

ఈ తరహా మందులకు అసలైన పని వేరే ఉంది. సీసపు విషానికి, పలుమార్లు రక్తం ఎక్కించుకొని ఇనుము పేరుకొన్న థలసీమియా పిల్లలకు, రాగి పేరుకొనే విల్సన్ వ్యాధికి అవి ప్రాణాధారాలు. అక్కడ లోహాన్ని కొలిచి, మోతాదు నిర్ణయించి, మూత్రపిండాలను గమనిస్తూ ఇస్తారు. పూడికల పేరిట డ్రిప్పులు ఎక్కించేవారిని ఒక్కటే అడగండి: ప్రతి డ్రిప్పుకు ముందు, తరువాత మీరు కాల్షియం, క్రియాటినిన్ పరీక్షిస్తున్నారా? స్టాటిన్లు, ఆస్పిరిన్ ఆపివేయమని చెబితే మాత్రం అక్కడ ఇక ఒక్క నిమిషం కూర్చోవద్దు.