మిరప కల్లమునకు ఒక పటము

తెలుగు పల్లె యనగానే మన క్యాలెండర్లును పాఠశాలల గోడలును చూపునది డెల్టా పల్లెనే: కొబ్బరిచెట్లు, నిండుగ పాఱు కాలువ, పచ్చని వరిమళ్లు. అది సుందరమే, కాని పల్నాటిది కాదు. ఆ పల్నాటి పల్లెయైన ఈపూరులో పుట్టి పెరిగిన పిల్లవాడు సైతము, రంగులపెట్టె చేతికందగనే, తానెన్నడును నడువని ఆ కాలువగట్టునే చిత్రించుచున్నాడన్నచో, వాని కాళ్లక్రింది నేల చిత్రమునకు తగనిదని నేర్పినవారము మనమే.

మాఘ ఫాల్గుణములలో ఈపూరు దాటి చేలవైపు నడచి చూడుడు. నల్లరేగడి నిజమునకు ఎల్లవేళల నల్లన కాదు. తడిసినప్పుడు నలుపై, ఎండి నెఱ్ఱెలు విచ్చినప్పుడు బూడిదవన్నెలో ఊదాచాయ కలసి, దూరమైన కొలది నీలిమలో లీనమగును. దానిపై మిరప కల్లము! పట్టాలపై పఱచిన కాయల యెఱుపు మిట్టమధ్యాహ్నమున కన్నులకు మిఱుమిట్లు గొలుపునే గాని, ప్రొద్దు వాలిన పిమ్మటనే తన అంతరములను విప్పిచూపును: ఎండ సోకిన అంచున నారింజచాయ, కుప్పనీడన ముదురు కుంకుమ, స్త్రీలు ఏరి ప్రక్కన పోసిన తాలుకాయల పాలిపోయిన పసుపు. ఎఱుపు నొక్కదానినే పులిమిన చిత్రకారునికి కల్లము చిక్కదు. ఆ తాలుకుప్ప చెంత నిలిచినప్పుడే యెఱుపునకు వెలుగు వచ్చును.

1967లో నాగార్జునసాగరపు కుడికాలువకు నీరు వదలిన పిమ్మట ఈ సీమ రూపు మారినది. మునుపటి జొన్నచేల పల్నాడు చాలవఱకు పెద్దల జ్ఞాపకములకే పరిమితమయ్యెను. దాని చిత్రము మన యిండ్ల గోడలపై కానరాదు. నేటి కల్లములకును ఆ గతి పట్టనీయరాదని నా వాదము.

తాను నడచిన నేలనే చిత్రించుట చిన్నపని కాదు. ఆంగ్ల చిత్రకారుడు కానిస్టేబుల్ తన తండ్రి మిల్లు పరిసరములలో బాల్యమునుండి నడచిన నదీతీరమునే 1821లో ‘హే వెయిన్’గా చిత్రించెను, ఆ పెద్దపటమును లండనులో కూర్చుండి వేసినను, దానికి మూలము ఆ నడకలును, అప్పుడు వేసికొన్న చిన్న చిత్తుపటములును. 1824లో పారిస్ ప్రదర్శనమున దానికి స్వర్ణపతకము లభించెను. మన గుంటూరు సీమలోనే చిత్రకారుడు సంజీవదేవ్ హిమాలయములను దర్శించి వచ్చియు తుమ్మపూడియందే స్థిరపడి ప్రకృతిదృశ్యములను చిత్రించెను. గొప్ప దృశ్యమునకై దూరము పోవలెనన్న భ్రమకు ఇంతకన్న వేఱు సమాధానమేల?

కావున చిత్రలేఖనమునకు కేటాయించిన గంటలలో, మిరపకోతల కాలమునందైనను, ఉపాధ్యాయులు పిల్లలను తరగతిగదినుండి కల్లములయొద్దకు నడిపించుకొని పోవలెను. పెన్సిలు, కాగితము, కొన్ని నీటిరంగులు చాలును. మొదట రూపములను కాదు, వెలుగునీడలను చూడ నేర్పవలెను. తప్పొప్పులను పిమ్మట దిద్దవచ్చును. ఆ పటములను తగిలించుటకు పంచాయతీ కార్యాలయపు గోడ యున్నది. రానున్న కోతలకే యీ పని మొదలిడవచ్చును.