మన పేట కబుర్లు: బండి యెక్కిన మగ్గం

పోయిన నెల ఈ శీర్షికలో అటకల మీద పడివున్న పాత సామానును గురించి నాలుగు మాటలు వ్రాశాను. "అందరి అటకలూ చూచారు సరే, మీ అటక మాటేమిటి?" అని సాఖర్‌పేట నుంచి ఒక సోదరి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా అటక మీద మా నాయన నేసిన చట్రపు మగ్గం, ముక్కలు ముక్కలుగా విప్పి నులకతో కట్టలు కట్టినది, నలభై యేళ్లపాటు ఉన్నది. ఇప్పుడు లేదు. అది జీపు యెక్కింది.

మా అన్న కొడుకు అక్కలకోట రోడ్డున తువ్వాళ్ల కార్ఖానాలో పని చేస్తాడు. 2024 ఆరంభంలో ఒక పాత జీపు కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. బురదలోనూ, రాళ్లలోనూ పోతుంది. వెనుక భాగంలో ఎదురెదురుగా రెండు బల్లసీట్లు, పైకి మడుచుకొనేవి. దానిలో పడకా, అరలూ, వంటసామాను పెట్టుకొనే పెట్టే అమర్చి, చిన్న ఇల్లులాగ చేయాలని వాడి కోరిక. కుర్రవాళ్ల సరదా అనుకొని నేను మొదట నవ్వాను. కాని వాడి మనస్సులో ఉన్నది వేరు. వాళ్ల అమ్మకు, అనగా మా వదినకు, పుట్టిల్లు సిరిసిల్ల వైపు పల్లె. మోకాళ్లు పట్టుకొని పోయి, బస్సు మెట్లు యెక్కలేక, లాడ్జీల్లో ఇమడలేక, ఎనిమిదేళ్లుగా బతుకమ్మకు వెళ్లలేదు. ఆ ఊరికి చివరి నాలుగు మైళ్లూ చెరువుకట్ట మీద దారి. వాన పడితే మామూలు కారు పోదు. మధ్యలో నడుము వాల్చడానికి చోటూ, ఆ కట్ట దాటే చక్రాలూ రెండూ ఉంటే ఆమె పోగలదు. ఆ మాట విన్న తరువాత మళ్లీ నవ్వలేదు.

మొదటిసారి వాడు ఊరిబయట ఒక దుకాణంలో చేయించాడు. చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన బోర్డు, పైన నిగనిగలాడే కాగితం, మూలమూలకూ స్క్రూలు. చూడడానికి పెళ్లివారి బీరువాలాగ ఉన్నది. జూన్‌లో తొలి వానలు పడగానే పరీక్షకని నాన్నజ్ వైపు బయలుదేరాం. బట్టమేక పిట్టల అభయారణ్యం ఉన్న ఊరు అదే. ఊరు దాటాక నల్లరేగడి బాటలో బండ్ల గాళ్లు యెండి రాయిలాగ బిగిసి ఉన్నవి, పైన కొత్త బురద. తిరిగి వచ్చేటప్పటికి ఒక అర తలుపు మా కోడలి ఒళ్లో ఉన్నది. స్క్రూ ఊగి ఊగి బోర్డును పొడిచేసికొని ఊడివచ్చింది. వాన చినుకు తగిలిన అంచు నానిన అటుకుల్లాగ ఉబ్బింది. విప్పి నూలు తూచే కాటా మీద పెడితే 140 కిలోలు! ఇద్దరు మనుషుల బరువు, కూర్చునేవారు ఎవరూ లేకుండానే.

అప్పుడు దాజీపేటలో ఉన్న ముసలి వడ్రంగి దగ్గరకు వెళ్లాం. మన పేటలో సుతార్ అనే అంటాం గదా. ఒకప్పుడు మగ్గాలు బిగించి బ్రతికిన మనిషి; పవర్‌లూములు వచ్చాక వాటి పలకలూ, కొట్టుడు కర్రలూ, నాడెలూ బాగుచేసేవాడు; ఇప్పుడు తలుపులూ కిటికీలూ. ఊడివచ్చిన తలుపును అటూ ఇటూ తిప్పి చూచి, "అన్నా, ఇది ఇంట్ల గోడకు నిలవడేది. బండి గోడ గాదు, మగ్గం. ఊగుతది, తన్నుతది. దీనికి మేకు పనికిరాదు" అన్నాడు.

ఈ మాట నాకు బాగా పట్టింది. అంగుళానికి 40 పేక పోగుల లెక్కన రోజుకు 5 గజాలు నేస్తే, పలక 7,200 సార్లు బట్టను కొడుతుంది. ఆ దెబ్బ ప్రతిసారీ చట్రంలోకి పోతుంది. మా నాయన మగ్గం ముప్పయి యేళ్లకు పైగా ఈ దెబ్బలు తిన్నది, ఒక్క ఇనుప మేకు లేకుండా. ఒక కర్ర కొసను నాలుకలాగ చెక్కుతారు. రెండవ కర్రలో బెజ్జం తొలిచి, ఆ నాలుకను అవతలికి దూర్చి, బయటికి వచ్చిన కొసలో చెక్క చీల కొడతారు. మేకు ఊగిన కొద్దీ తన రంధ్రాన్ని తానే పెద్దది చేసికొంటుంది. ఏటవాలు చీల వదులైతే ఒక్క సుత్తి దెబ్బతో మళ్లీ బిగుస్తుంది. షోలాపురం యెండలకు కర్ర కుదించుకొన్నా, తడి ప్రాంతానికి పోయి ఉబ్బినా ఇదే వైద్యం. పైగా చీలలు తీస్తే చట్రమంతా విడివడి కట్టలకు వస్తుంది. మన పెద్దలు తెలంగాణా నుంచి బ్రతుకుతెరువుకు ఇక్కడికి వచ్చినప్పుడు బండ్ల మీద అటువంటి కట్టలు వేసికొని వచ్చినవారెందరో.

"టేకు కావాలె, పాతది కావాలె. పచ్చి కర్ర బండిల మెలికపడుతది" అన్నాడు సుతార్. పాత టేకు ఎక్కడ ఉన్నదో నాకూ తెలుసు, మా వాడికీ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూచుకొన్నాం.

ఇంట్లో ఆ మాట తీయగానే వదిన అన్నం ముందు నుంచి లేచిపోయింది. "మా మామ కూసున్నది, మీ అన్న కూసున్నది. ఆ కట్టెలు గోసి అల్మారీలు జేస్తరా? నాకు పుట్టిల్లూ వద్దు, బండీ వద్దు." నిజం ఒప్పుకోవాలి గదా, ఆ మగ్గాన్ని కట్టెల అడితివానికి ఇచ్చేద్దామని అంతకుముందు రెండు పర్యాయాలు అన్నది నేనే. అందుచేత ఆమెకు నా మీద నమ్మకం లేదు. సుతారే వచ్చి, కట్టలు దింపించి, వాకిట్లో పరచి, కొలబద్దతో ఒక్కొక్కటే కొలిచాడు. పక్క దూలాలు రెండూ 6 అడుగుల 2 అంగుళాలు: పడకకు సరిపోతవి, కోయనక్కర లేదు. గుంజలను ముట్టడు. పడుగు చుట్టే దోనె తనకు అక్కరలేదు, అటక మీదనే ఉండవచ్చు. కాని నేసేవాని ముందు అడ్డంగా ఉండే కర్ర అయిదడుగులు. బండిలో చక్రాల గూళ్ల నడుమ ఉన్నది 3 అడుగుల 10 అంగుళాలు. దానిని కోయక తప్పదు. ఈ సంగతి దాచకుండా ముందే ఆమెకు చెప్పాడు. నేనైతే దాచేవాణ్ణేమో.

ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడవనాడు ఆ కర్ర మీద చెయ్యి వేసి, నడిమి భాగం చూపించింది. మా నాయన, తరువాత మా అన్న, ఇద్దరూ ఆనుకొని ఆనుకొని ఆ చోటు అద్దంలాగ నునుపెక్కి ఉన్నది. "గోసుడైతే రెండు కొసలకెల్లి గోయి. నడుమ ముట్టకు" అన్నది. ఇప్పుడు ఆ నునుపు భాగం పడక అంచున, బండి యెక్కేవారి చెయ్యి పడేచోట ఉన్నది.

ఇక పని సంగతి. చట్రం మాత్రమే టేకు. అరల పలకలకు నీటిని తట్టుకొనే ప్లైవుడ్, ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నది, వాడాడు. 72 గంటలు మరగబెట్టినా పొరలు విడకూడదని ఆ ముద్రకు నియమం. 18 మిల్లీమీటర్ల నిండు షీటు ముప్పయి కిలోలు దాటుతుంది. 6 మిల్లీమీటర్లది అందులో మూడో వంతే. బరువు మోసేది చట్రమైనప్పుడు పలక మందంగా ఉండి లాభం లేదు. చీలలకు నల్లతుమ్మ. నీళ్ల డబ్బాలు, బియ్యం, పనిముట్లు అన్నిటికంటే క్రింద, రెండు ఇరుసుల నడుమ. పై అరల్లో దుప్పట్లు తప్ప ఏమీ లేవు. బరువు పైకి పోతే వాలు బాటలో బండి ఒరుగుతుంది.

పడక నాకు అన్నిటికంటే నచ్చింది. పట్టీలు రెండు వరుసలు, ఒక వరుస సందుల్లో రెండవ వరుస. నడిమి సీటు వాల్చి, ఒక వరుసను ముందుకు లాగితే మూడడుగుల బల్ల ఆరడుగుల మంచమవుతుంది. మా వాడు బొమ్మ గీసి వివరించబోతే సుతార్ చూడనైనా చూడలేదు. "అచ్చుల పోగులే గదా, ఒకటి విడిచి ఒకటి" అన్నాడు. సొరుగులకు అయస్కాంతపు గొళ్లాలు వద్దని, క్రింది అంచున చిన్న గాడి పెట్టాడు. కొంచెం పైకెత్తి లాగితే గాని రాదు. చెక్కా ఇనుమూ రాచుకొని కిర్రుమనే చోటల్లా పాత చద్దర్ల పట్టీలు మడిచి అతికించాడు. కర్రకు అవిసె నూనె రెండు పూతలు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడవేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకొనగలవు. నూలూ పత్తిచెత్తా ఇంటింటా ఉండే మన పేటలో ఇది మరువరాదు. గుడ్డలను విడివిడిగా ఆరుబయట ఆరబెట్టి, పిమ్మట నీళ్లలో తడిపి పారవేయాలి. గ్యాసు విషయంలో కూడా నేను పట్టుబట్టాను. పొయ్యి వెనుక తలుపు తెరిచి బయటనే వెలిగించాలి. ఆ వాయువు గాలికంటే బరువు, కారితే నేలబారున కూర్చుంటుంది, కిటికీ తెరిచినంత మాత్రాన పోదు.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పింది. కనుక మా వాడు సీట్లు పీకలేదు, రేకు కోయలేదు. బల్లసీట్లు పైకి మడిచి, చట్రాన్ని లోపల పెట్టి, ఉన్న సీటు బోల్టుల చోట్లనే బిగించాడు. బిగింపు తప్పనిసరి సుమా! బ్రేకు పడితే వదులు పెట్టె ముందున్నవారి వీపు మీదికి వస్తుంది. పండుగ అయిపోతే గంటలో విప్పి అటక మీద పెట్టవచ్చు. ఇది కొత్త ఆలోచనేమీ కాదట. జర్మనీలో వెస్ట్‌ఫాలియా కంపెనీవారు 1951లోనే ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో ఇటువంటి చెక్కపెట్టెను అమర్చారు. వారంలో సరుకుల బండి, సెలవునాడు ఇల్లు. తీసివేయడానికి వీలులేని మార్పులు చేయదలచిన వారు మాత్రం ముందు ఆర్.టి.ఓ. కార్యాలయంలో అడిగి మొదలుపెట్టాలి.

నూలుపున్నమికి, మార్కండేయ రథం కదిలే రోజుకు, పని పూర్తయింది. మళ్లీ అదే కాటా మీద తూచాం: 68 కిలోలు.

అక్టోబరులో సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు తెల్లవారుజామున బయలుదేరాం. హైదరాబాదు రోడ్డున ఉమర్గా, హుమ్నాబాదు దాటి, ఎక్కడ పడితే అక్కడ ఆగుతూ పోయాం. బండి నడిచేటప్పుడు పడుకోకూడదని ముందే నియమం. వదిన బెల్టు కట్టుకొని సీటులోనే కూర్చున్నది, ఆగినప్పుడల్లా మంచం లాగి కాళ్లు చాపింది. జహీరాబాదు దగ్గర తెలిసినవారి చెరకుతోటలో రాత్రి మకాం. ఆడవారిద్దరూ బండిలో, మేమిద్దరం క్రింద చద్దరు పరచుకొని. మరునాడు సంగారెడ్డి మీదుగా సిద్దిపేట దారిన పోయి, సాయంకాలానికి చెరువుకట్ట యెక్కాం. నిజంగానే వాన పడి ఉన్నది. నాలుగు మైళ్లకు ముప్పావు గంట పట్టింది. ఒక్క తలుపూ ఊడలేదు. కట్ట చివర ఆడపిల్లలు తంగేడు పువ్వు తెంపుకొని ఎదురుగా వస్తుంటే వదిన బండి ఆపమన్నది. ఆ నునుపు కర్ర పట్టుకొని తానే దిగింది, మమ్మల్ని చెయ్యి ఇవ్వనివ్వలేదు.

తిరిగి వచ్చాక సుతార్ చీలలన్నీ తట్టి చూచాడు. ఇరవై నాలుగింటిలో మూడు వదులైనవి. మూడు దెబ్బలతో సరి. మంచం మాత్రం రెండు అంగుళాలు ఎత్తు ఎక్కువైందని, మోకాలు అందడం లేదని వదిన ఫిర్యాదు. గుంజలు కోయనని మాట ఇచ్చాడు గనుక, బెజ్జాలు క్రిందికి తొలుస్తున్నాడు.